కాకుల్ని కూడా రాయండి

చిన్నూ, బుజ్జీ,

దసరా రోజు జమ్మిచెట్టు దగ్గర "తాతయ్యా, పాలపిట్ట ఏదీ?" అని అడిగారు. నా చిన్నప్పుడు పొలం గట్టున కరెంటు తీగ మీద కూర్చుని ఉండేది. ఇప్పుడు తగ్గిపోయిందని నాకు అనిపిస్తుంది. ముసలాళ్లకి అన్నీ తగ్గినట్టే అనిపిస్తాయి కాబట్టి నా మాట లెక్కలోకి రాదు. చూసినవాళ్లు ఎప్పటికప్పుడు రాసిపెట్టిన లెక్క కావాలి.

ఆ లెక్క ఈబర్డ్‌లో ఉంది. ఎవరు ఎక్కడ ఏ పక్షుల్ని చూశారో రాసిపెట్టే వెబ్‌సైట్, ఫోన్ యాప్ అది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, పక్షుల్ని కాపాడే ఆడుబాన్ సంస్థ కలిసి 2002లో మొదలుపెట్టాయి. ఎవరైనా రాయొచ్చు, పైసా కట్టక్కర్లేదు. పరిశోధకులు ఆ సమాచారాన్ని ఉచితంగానే తీసుకుంటారు.

పక్షుల్ని చూసి జాబితా రాశాక యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టినవన్నీ రాశారా? అసలు కిటుకు ఇక్కడే ఉంది. లకుముకి పిట్ట కనిపిస్తే సంబరంగా రాస్తాం, కాకుల్ని వదిలేస్తాం. అలా రాస్తే, జాబితాలో లేని పిట్ట నిజంగా కనపడలేదో, మనమే బద్ధకించామో ఎవరికి తెలుస్తుంది? అన్నీ రాస్తేనే లేకపోవడం కూడా సమాచారం అవుతుంది. అలాంటి వంద జాబితాల్లో పాలపిట్ట ఎన్నింటిలో ఉంది, పదేళ్ల కిందట ఎన్నింటిలో ఉండేది అని పోల్చి చూస్తారు.

మరి తప్పు రాస్తే? నేనే రాశాను. సాయంత్రం చెరువు దగ్గర 150 రామచిలుకలు చూసి, ఒక సున్నా ఎక్కువ నొక్కాను. ఒక ప్రాంతంలో ఆ నెలలో మామూలుగా కనిపించే సంఖ్య దాటితే కంప్యూటర్ దాన్ని పక్కన పెడుతుంది. ఆ చుట్టుపక్కల పక్షులు బాగా తెలిసిన ఒకాయన, జీతం లేకుండా, వాటిని పరిశీలిస్తాడు. "1500 చిలుకలా సార్? ఫోటో ఉందా?" అని మెయిల్ పెట్టాడు. మొదట ఒళ్లు మండింది, తర్వాత సున్నా తీసేశాను. ఇలా అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ లెక్కని నమ్ముతున్నాను.

మన దేశంలో 30,000 మంది ఈబర్డ్‌లో రాసిన దాదాపు 3 కోట్ల నమోదులతో, మన పక్షుల పరిస్థితి మీద 2023లో నివేదిక వచ్చింది. పాలపిట్టలు బాగా తగ్గుతున్నాయని అందులో తేలింది. పిచ్చుకల సంగతి వేరు: పెద్ద నగరాల్లో తగ్గినా, దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయని అంతకుముందు 2020లో వచ్చిన ఇలాంటి నివేదికే చెప్పింది. ఈ మాట మీ బాబాయి ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆదివారం పొద్దున డాబా ఎక్కి 15 నిమిషాలు కూర్చోండి. పావురాలతో విసుగొచ్చినా లెక్కపెట్టండి. తెలియని పిట్ట కనిపిస్తే ఊహించి పేరు రాయొద్దు, ఫోటో తీసి నాకు పంపండి.

మీ తాతయ్య