ఏటవాలు ఉక్కు ఏం చేస్తుంది?

నాలుగు పుల్లలను మేకులతో చతురస్రంగా బిగించి ఒక మూల తోస్తే పక్కకు ఒరిగిపోతుంది. ఎదురెదురు మూలలను కలుపుతూ ఐదో పుల్ల కొడితే ఇక కదలదు. త్రికోణం ఆకారం మారాలంటే ఏదో ఒక పుల్ల సాగాలి, లేదా కుదించుకుపోవాలి. భూకంపాన్ని తట్టుకునేందుకు పాత కాంక్రీటు భవనాల్లో కాలమ్‌ల మధ్య ఉక్కు బ్రేసింగ్, అంటే ఏటవాలు ఉక్కు కడ్డీలు, బిగించేది ఇందుకే.

దీని అవసరం ఎక్కువగా ఉండేది, పార్కింగ్ కోసం కింది అంతస్తులో గోడలు కట్టని భవనాలకు. పై అంతస్తులను ఇటుక గోడలు బిగపట్టి ఉంచుతాయి కాబట్టి ఊగడమంతా కింది కాలమ్‌లే భరించాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటివి కూలాయి.

బ్రేసింగ్ బలాన్నే కాదు, బిగువునూ, అంటే పక్కకు ఒరగనివ్వని గుణాన్నీ, పెంచుతుంది. బిగువు నాలుగింతలైతే భవనం ఒకసారి ఊగడానికి పట్టే సమయం సగమవుతుంది. గట్టి నేల మీద ఇలా త్వరగా ఊగే భవనం మీద భూకంప బలం సాధారణంగా ఎక్కువ పడుతుంది. 1985 భూకంపంలో మెక్సికో నగరంలో జరిగింది వేరు. అక్కడ పాత సరస్సు మట్టి సుమారు 2 సెకన్ల లయలో ఊగింది. బాగా దెబ్బతిన్నవి ఆ లయకు దగ్గరగా ఊగిన మధ్యస్థ ఎత్తు భవనాలు. అలాంటి చోట బిగువు పెంచడం భవనాన్ని ఆ లయకు దూరం జరపగలదు. నేలను చూడకుండా బ్రేసింగ్ గీయకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇంకో చిక్కు ఉంది. లాగితే ఉక్కు నిలకడగా సాగుతుంది, కానీ సన్నని బ్రేస్‌ను నొక్కితే విల్లులా వంగిపోతుంది. భూకంపం అటూ ఇటూ ఊపుతుంది కాబట్టి ప్రతి బ్రేస్‌కూ రెండూ తప్పవు. దీనికి జపాన్ ఇంజనీర్లు చక్కటి ఉపాయం పట్టారు. ఉక్కు పట్టీని మోర్టారు నింపిన గొట్టంలో ఉంచి, రెండూ అతుక్కోకుండా మధ్యలో పలుచని పొర వేశారు. గొట్టం పట్టీని వంగనివ్వదు, బరువు మాత్రం మోయదు. పట్టీ రెండు వైపులా ఒకేలా లొంగుతూ, అంటే విరగకుండా సాగుతూ కుదించుకుపోతూ, భూకంప శక్తిని వేడిగా మార్చేస్తుంది.

అసలు పరీక్ష మాత్రం అతుకుల దగ్గర. బ్రేస్ మోసిన బలం మాయమైపోదు. ఒక కాలమ్‌ను నొక్కుతుంది, రెండోదాన్ని పునాదితో సహా పైకి లాగుతుంది. పాత కాంక్రీటులో నాలుగు యాంకర్ బోల్టులు దించితే అంచులు పగిలి ఊడిరావచ్చు. అందుకే చాలాచోట్ల కాలమ్‌లు, బీముల లోపలి అంచు పొడవునా ఉక్కు చట్రం పెట్టి, దగ్గరదగ్గరగా యాంకర్లు వేసి, సందుల్లో కుదించుకుపోని గ్రౌట్ (జారుడు సిమెంటు మిశ్రమం) పోస్తారు. కాలమ్ కన్నా, యాంకర్ల కన్నా ముందు లొంగాల్సింది బ్రేసే. భద్రత కోసమని దాన్ని మరీ లావుగా వేస్తే అది లొంగదు, ఆ బలమంతా పాత కాలమ్ మీద పడుతుంది.