డివైడర్‌కు సందు కొడితే దారి దగ్గరవుతుందా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ - హైదరాబాద్ రహదారి నిర్వహణ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. పత్తి తీతలు మొదలైతే చాలు, ఏదో ఒక ఊరి నుంచి పదిమంది మా దగ్గరికి వస్తారు. అందరూ అడిగేది ఒకటే: "సార్, మా ఊరి ఎదురుగా డివైడర్‌కు చిన్న సందు ఇవ్వండి." కుదరదని చెప్పి పంపుతాం. నెల తిరిగేసరికి అక్కడ అంచు రాళ్లు పెకలించి, గన్నేరు మొక్కలు కొట్టేసి, మట్టి పోసి చదును చేసి ఉంటుంది. మేము మూస్తాం, వాళ్లు మళ్లీ తెరుస్తారు. ఇన్నేళ్లుగా నోటితో చెబుతున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

అపోహ: "చిన్న సందే కదా, అటూ ఇటూ చూసుకుని దాటితే ఏమవుతుంది?"

మా రోడ్డు మీద ఎక్కువ ప్రాణాలు తీస్తున్న మాట ఇదే. మనం ఎడమ వైపు నడిపేవాళ్లం కనుక డివైడర్‌ను ఆనుకుని ఉన్న వరుస వేగంగా వెళ్లే బండ్లది. ఊరి దారి నుంచి రోడ్డెక్కేవారు ఎడమ వైపున, నెమ్మదిగా వెళ్లే వరుసలో కలుస్తారు. సందులోంచి వచ్చేవారు మాత్రం నేరుగా ఆ వేగపు వరుసలోకే వస్తారు. నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు.

ఇప్పుడు ట్రాక్టర్ సంగతి చూడండి. మా దగ్గర డివైడర్ వెడల్పు నాలుగున్నర మీటర్లు. ట్రక్కు తగిలించిన ట్రాక్టర్ పొడవు ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. సగం దాటి మధ్యలో ఆగుదామంటే దానికి అక్కడ చోటే లేదు. ముందు చక్రాలు అవతలి రోడ్డు అంచున ఉంటే, ట్రక్కు వెనక సగం ఇవతలి వేగపు వరుసలోనే ఉండిపోతుంది. ఆగకుండా పోదామన్నా, ఏడు మీటర్ల రోడ్డును ట్రక్కు వెనక భాగంతో సహా వదలాలంటే పదిహేను మీటర్లు కదలాలి. బరువుతో, నిలిచిన చోటు నుంచి బయలుదేరితే ఎనిమిది సెకన్లయినా పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో కారు 220 మీటర్లు వస్తుంది. మీరు చూసినప్పుడు అది ఇంకా చుక్కంత దీపమే.

మూడేళ్ల కిందట అక్టోబరులో, చీకటి పడుతున్న వేళ, ఇలాంటి సందు దగ్గరికే నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి కారులోని కుర్రవాణ్ణి అంబులెన్సులో తీసుకుపోయారు. రోడ్డు మీద బ్రేకు గీతలు నాలుగు మీటర్లు కూడా లేవు. ట్రక్కు వెనక రిఫ్లెక్టర్ లేదు, బురద ఎండి ఉంది. చెదిరిన పత్తి గాలికి లేచి గన్నేరు కొమ్మలకు పట్టుకుంది, టార్చి వేస్తే తెల్లగా పూసినట్టు కనిపించింది. ట్రాక్టర్ నడిపిన పెద్దాయనకు దెబ్బ తగల్లేదు. అంచు రాయి మీద కూర్చుని ఒకే మాట అంటున్నాడు: "చూసుకునే దాటాను సార్, చూసుకునే దాటాను." ఆయన చెప్పింది నిజమే. అవతలి లారీలు పోనిద్దామని ఆగాడు. తన ముందు దారి చూశాడు, వెనక ట్రక్కు ఎక్కడ ఉందో చూడలేదు. కుర్రవాడు రెండో రోజు చనిపోయాడు.

తర్వాత నేనే బండి మీద కొలిచాను. ఆయన చేను నుంచి యూటర్న్ మీదుగా ఇంటికి 4.6 కిలోమీటర్లు అదనం. మోటారు సైకిలుకు ఏడు నిమిషాలు, ట్రాక్టర్‌కు పావుగంట. రోజుకు నాలుగు సార్లంటే రైతుకు అది భారమే, కాదనను. పొలం ఒక పక్కన, ఊరు ఒక పక్కన మిగిలిపోవడం రైతు చేసిన తప్పు కాదు.

"మరి యూటర్న్ దగ్గర ఉన్నదీ సందే కదా?" అంటారు. కాదు. అక్కడ ఆగిన బండి కోసం పక్కకు అదనపు వరుస ఉంటుంది. ముందుగా హెచ్చరిక బోర్డులు, రోడ్డులో మెరిసే బిళ్లలు ఉంటాయి. మలుపులో కాకుండా, దూరం నుంచి కనిపించే చోట పెడతారు. రాత్రికి రాత్రి కొట్టిన సందుకు ఇవేవీ ఉండవు, అక్కడ సందు ఉందని వచ్చే డ్రైవరుకు తెలియదు.

అపోహ: "టోల్ ఎక్కువ గుంజడానికే యూటర్న్‌లు దూరం పెట్టారు."

ఈ పుకారు పుట్టించిన వారిని ఒక్కసారి టోల్ రసీదు చదవమనండి. రుసుము బండి రకాన్ని బట్టి, రోడ్డు పొడవును బట్టి ప్లాజా దగ్గర తీసుకుంటారు. మీరు ఎక్కడ తిరిగినా రూపాయి మారదు. ఇలాంటి మాటలు నమ్మే జనం రాళ్లు పెకలిస్తున్నారు.

అపోహ: "గన్నేరు మొక్కలు అందానికే."

ఎదుటి బండ్ల దీపాలు కళ్లలో కొట్టకుండా ఉండడానికి. పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, అందుకే గన్నేరు. మొక్కలు కొట్టేసిన ఆ పది అడుగులలో డ్రైవరు కళ్లు ఒక్కసారిగా బైర్లు కమ్ముతాయి, సరిగ్గా మనిషి దాటే చోటే.

అపోహ: "డివైడర్ ఏ బండినైనా ఆపుతుంది."

జానెడు ఎత్తు అంచు రాయి వేగంగా వచ్చే కారును ఆపదు, ఒక్కోసారి పల్టీ కొట్టిస్తుంది. ఆపే పని క్రాష్ బ్యారియర్‌ది, అంటే బండి అదుపు తప్పితే అడ్డుకునే ఇనుప రేకు కంచెది లేదా కాంక్రీటు గోడది. ఇనుప రేకు వంగి దెబ్బను మింగుతుంది. 1950లలో అమెరికాలోని న్యూజెర్సీలో వచ్చిన కాంక్రీటు గోడకు అడుగున వాలు ఉంటుంది, దాని మీదికి ఎక్కబోయిన చక్రం తిరిగి తన వరుసలోకి మళ్లుతుంది.

రాంగ్‌రూట్ "వంద మీటర్లే" అనేవారికి: మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019 సవరణతో అది ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వచ్చింది. జైలు కూడా పడవచ్చు. జాతీయ రహదారిని పగలగొట్టి ప్రమాదకరంగా మారిస్తే అయిదేళ్ల వరకు శిక్ష ఉంది.

సందు కనిపిస్తే 1033కు ఫోన్ చేయండి. దాటే అవసరం నిజంగా ఉన్న ఊరు సందు అడగవద్దు. అండర్‌పాస్ అడగండి, సర్వీసు రోడ్డు అడగండి. రోజుకు ఎంతమంది, ఏ వేళల్లో దాటుతున్నారో వారం రోజులు లెక్క రాసి అర్జీకి జత చేయండి. ఆ కాగితం ఉంటే మేము పైవారితో వాదించగలం.

మొన్న ఒక తల్లి వచ్చింది, బడి అవతల ఉందట. "పాప దాటి ఫోన్ చేసేదాకా అన్నం ముద్ద దిగదయ్యా" అంది. మేము ఇచ్చిన నోటు పుస్తకంలో ఆమే లెక్క రాసింది: ఉదయం అరవై రెండు మంది పిల్లలు, సాయంత్రం యాభై ఎనిమిది. అర్జీ పైకి వెళ్లింది, కొలతలు తీసుకుని వెళ్లారు. ప్రస్తుతానికి బడి వేళకు ఊరి పెద్దలు ఇద్దరు ఎర్రజెండాలతో రోడ్డుకు రెండు వైపులా నిలబడుతున్నారు.