పార్కులో వాన కుంట: ఖాళీగా ఉంటేనే పనిచేస్తుంది

కాలనీ పార్కులో వాననీటి కుంట తవ్వుదామన్న ప్రతిపాదన వస్తే కొందరికి నిండుగా నీళ్లు, బాతులు, చుట్టూ వాకింగ్ ట్రాక్ కనిపిస్తాయి. మిగతావాళ్లకు దోమలు, పిల్లలు జారిపడతారన్న టెన్షన్. ఇద్దరూ ఊహించుకునేది నిండిన కుంటనే. కానీ వాన ముంచుకొచ్చినప్పుడు మనకు పనికొచ్చేది కుంటలోని ఖాళీ.

హైదరాబాద్‌లో ఒక 20 ఎకరాల కాలనీ అనుకుందాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గంటలో 50 మి.మీ. కురిస్తే ఆ కాలనీ మీద దాదాపు 40 లక్షల లీటర్లు పడతాయి. డాబాలు, సిమెంటు రోడ్లే ఎక్కువ కాబట్టి అందులో 70 శాతం పారుతుందనుకున్నా, 28 లక్షల లీటర్లు పల్లానికి చేరతాయి.

ఇప్పుడు పార్కులో 10 గుంటల (పావు ఎకరం) చోటిచ్చి, మీటరున్నర లోతు తవ్వామనుకోండి. గట్లు నిట్టనిలువుగా ఉంటే 15 లక్షల లీటర్లు పడతాయి. కానీ పిల్లలు తిరిగే చోట అలా తవ్వకూడదు. మూడడుగులు నడిస్తే ఒక అడుగు దిగేంత వాలు కావాలి. ఆ వాలు పెడితే మిగిలేది 11 లక్షలే. అందంగా ఉంటుందని అడుగున మీటరు నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచితే, కొత్త వానకు దొరికే చోటు నాలుగున్నర లక్షల లీటర్లకు పడిపోతుంది. ఇంత డబ్బు, ఇంత నేల పెట్టి వాన తాకిడిలో ఆరో వంతు కూడా ఆపలేకపోతే ఎందుకు?

అందుకే నేను ఎండు కుంట పక్షం. వానప్పుడు నిండి, అడుగున ఉన్న చిన్న తూము గుండా రెండు రోజుల్లో నెమ్మదిగా నాలాలోకి ఖాళీ అయ్యేది. నీరంతా ఒక్కసారిగా మీద పడకపోతే నాలా పొంగదు. మిగతా రోజుల్లో అది పచ్చిక మైదానం.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఇది చేసి చూపించారు. 2011 జూలై 2న కుంభవృష్టికి నగరం మునిగాక, ఎంగ్‌హేవ్ అనే పాత పార్కును తిరగదోడారు. ఆటస్థలాన్ని నేలమట్టం కంటే కిందికి దించి, అంచుల్లో పొట్టి గోడ కట్టారు. 2019లో మళ్లీ తెరిచిన ఆ పార్కు 2.26 కోట్ల లీటర్లు పట్టగలదు. మామూలు రోజుల్లో అక్కడ పిల్లలు ఆడుకుంటారు.

దోమల భయం నిజమైనదే. మన వేడిలో గుడ్డు దోమగా మారడానికి వారం పైచిలుకు పడుతుంది. నీరు మూడు రోజుల్లోపు పోతే పిల్లపురుగులు బతకవు. చిక్కల్లా అడుగున మిగిలే మడుగులతోనే. కుంట అడుగు తూము వైపు వాలి ఉండాలి, పూడిక ప్రతి ఏటా వానల ముందు తీయాలి. టెండరులో ఈ ఖర్చు కనిపించకపోతే పట్టుబట్టి అడగండి.

ఇక బోర్లు రీఛార్జ్ అవుతాయన్న ఆశ. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది అడుగుల మట్టి కిందే రాయి తగులుతుంది. ముందు ఒక గుంత తవ్వి, నీళ్లు నింపి, ఎన్ని గంటల్లో ఇంకుతుందో చూడాలి. ఇంకకపోతే ఆ లాభాన్ని లెక్కలోంచి తీసేయడమే న్యాయం. పాత వేపలు, కానుగలు ఉన్న మూలను మాత్రం వదిలేయాలి. వేళ్లు నరికి చెట్లను చంపుకుని కుంట తెచ్చుకోవడం నష్టమే.

2020 అక్టోబరు 13న నగరంలో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి వానను ఈ కుంట ఆపలేదు, ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఏటా నాలుగైదుసార్లు మోకాళ్ల లోతు నీళ్లు తెచ్చే వానలకే ఇది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మురుగు. మన వాననీటి కాలువల్లో చాలావాటికి ఇళ్ల డ్రైనేజీ పైపులు కలిపేసి ఉన్నాయి. అలాంటి కాలువను కుంటలోకి మళ్లిస్తే ఎండు కుంట ఏడాదంతా ఎండదు. బోదకాలు దోమ పెరిగేది సరిగ్గా అలాంటి మురికినీటిలోనే. ఎండాకాలంలో, చుక్క వాన లేని రోజున కాలువ మూత తీసి చూడండి. నీరు పారుతుంటే అది మురుగే. ఆ కనెక్షన్లు విడదీసేదాకా కుంటకు నేను ఒప్పుకోను. విడదీశాక అయితే, పార్కులో అన్నిటికంటే పల్లపు మూలనే ఇమ్మని అడుగుతాను.