మల్లీశ్వరి బంగారం ఎక్కడ తప్పిపోయింది?

గ్రూప్స్‌కో డీఎస్సీకో ప్రిపేరయ్యే వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్పే బిట్ ఒకటుంది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఎవరు? కరణం మల్లీశ్వరి, సిడ్నీ, 2000, కాంస్యం. ఒక మార్కు. ఆ వెంటనే అడగాల్సిన ప్రశ్న మాత్రం నాకు ఏ గైడ్‌లోనూ కనపడలేదు. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో వరుసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన అమ్మాయి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఏం చేసింది?

ఏమీ చేయలేదు. అసలు వెళ్లలేదు. అట్లాంటాలో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పోటీయే లేదు.

మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లకు అది వచ్చింది 2000లో. మధ్యలో 104 ఏళ్లు. ఆడపిల్లల ఆటల గురించి మాట్లాడినప్పుడు మనం ఎక్కువగా ఇంట్లో వాళ్లు వద్దన్నారనీ, ఊళ్లో నవ్వారనీ, నిక్కరు వేసుకుంటే గుసగుసలాడారనీ చెప్పుకుంటాం. అవన్నీ నిజమే. కానీ వాటన్నిటినీ దాటుకుని వచ్చిన అమ్మాయికి కూడా చివర్లో ఇంకో తలుపు మూసి ఉండేది. ఆ పోటీ పేరు జాబితాలోనే ఉండేది కాదు.

ఈ తలుపు కథ పాతది. ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన పియరీ డి కూబర్టిన్‌కు ఆడవాళ్లు బరిలోకి దిగడమే ఇష్టం లేదు. గెలిచిన మగవాళ్లకు చప్పట్లు కొట్టడం వరకే వాళ్ల పని అని ఆయన ఉద్దేశం. 1900 పారిస్‌లో టెన్నిస్, గోల్ఫ్ లాంటి వాటిలో కొందరిని రానిచ్చారు. పరుగు పందాలకు మాత్రం 1928 ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడా ఒక గొడవ జరిగింది. మహిళల 800 మీటర్ల ఫైనల్‌లో తొమ్మిది మంది పరిగెత్తారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. తొమ్మిది మందీ పరుగు పూర్తి చేశారు. అయినా సగం మంది కుప్పకూలిపోయారని, చూడటానికే ఘోరంగా ఉందని పత్రికలు రాసేశాయి. పరుగు అయ్యాక మగవాడు నేలమీద పడితే ప్రాణం పెట్టి పరిగెత్తాడంటారు. ఆడది పడితే ఆ పోటీనే ఎత్తేశారు. మళ్లీ 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్లు లేవు. మారథాన్ అయితే 1984లో వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక మన అమ్మాయిలు ఈ వరసలోకి తొలిసారి 1952 హెల్సింకీలో వచ్చారు. పరుగుల్లో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా, ఈతలో డాలీ నజీర్, పన్నెండేళ్లు కూడా నిండని ఆరతి సాహా. పతకాలు రాలేదు. కొత్త పోటీ తలుపు తెరవగానే గుమ్మంలో మన అమ్మాయి నిలబడి ఉండటం మొదలైంది 1984 లాస్ ఏంజెలెస్‌లో. మహిళల 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. పి.టి. ఉష 55.42 సెకన్లలో వచ్చింది. మూడో స్థానంలో ఉన్న రుమేనియా అమ్మాయి టైమ్ 55.41. తేడా సెకనులో నూరో వంతు. ఆ పోటీ 1980లోనే ఉండి ఉంటే ఉష వయసుకు అది తొందరే అయ్యేది. ఆమె మంచి ఊపు మీద ఉన్నప్పుడే తలుపు తెరుచుకుంది, అందుకే మనకు ఆ నూరో వంతు బాధైనా మిగిలింది. మల్లీశ్వరి విషయంలో ఈ టైమింగే తేడా కొట్టింది.

శ్రీకాకుళం వైపు బలం అంటే మగవాళ్ల సొత్తు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడిని కలియుగ భీముడని ఇప్పటికీ చెప్పుకునే ప్రాంతం అది. తాలింఖానాలు, కుస్తీలు, బండలెత్తడం అక్కడ కొత్త కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కూతురైన మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో బరువులెత్తడం మొదలుపెట్టింది. అప్పటికే అక్క నరసమ్మ లిఫ్టర్. కోచ్ నీలంశెట్టి అప్పన్న. చిన్న ఊళ్లో అమ్మాయిలు గుంపుగా బార్‌బెల్ పట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. పైగా ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ అనేదే ప్రపంచానికి పసిబిడ్డ. తొలి మహిళా ప్రపంచ పోటీలు జరిగింది 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. ఆసియా క్రీడల్లోకి 1990 బీజింగ్‌లో వచ్చింది. మణిపూర్‌కు చెందిన కుంజరాణీ దేవి 1989 నుంచే ప్రపంచ పోటీల్లో రజతాలు తెస్తూ ముందు నడిచింది. అంటే ఊసవానిపేట పిల్లలు బార్ పట్టుకునే నాటికి ఆ ఆటకు ఒలింపిక్స్ అనే గమ్యమే లేదు. ఏ నమ్మకంతో ఎత్తారో వాళ్లకే తెలియాలి.

1993 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. తర్వాత ఆ రెండు స్వర్ణాలు. 1996లో వార్సాలో మళ్లీ కాంస్యం. ఇవన్నీ 54 కేజీల లోపు శరీర బరువున్న వాళ్ల విభాగంలో. ఇరవై ఏళ్ల వయసు, ఒంట్లో జోరు, పేరు చెబితే ప్రత్యర్థులు లెక్కేసుకునే స్థాయి. అదే ఏడాది అట్లాంటాలో భారత్‌కు వచ్చింది లియాండర్ పేస్ టెన్నిస్ కాంస్యం ఒక్కటే. నా మట్టుకు మల్లీశ్వరి ఒలింపిక్ బంగారం పోయింది సిడ్నీలో కాదు, ఈ నాలుగేళ్లలో.

తర్వాత విభాగాలు కూడా మారిపోయాయి. 1998లో పాత 54 కేజీలు తీసేసి కొత్త లెక్కలు పెట్టారు. ఆ ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆమె 63 కేజీల్లో రజతం గెలిచింది. సిడ్నీకి వచ్చేసరికి 69 కేజీలు. నాలుగేళ్లలో పదిహేను కేజీలు పైకి. ఆమె లావైపోయిందని, పని అయిపోయిందని సిడ్నీకి ముందు రాసినవాళ్లు ఉన్నారు. ఏ విభాగంలో దిగాలో, దానికి ఒళ్లు ఎంత పెంచాలో లిఫ్టర్ల లెక్క వేరే. బయటివాళ్లకు కనిపించేది నడుము చుట్టుకొలతే.

2000 సెప్టెంబర్ 19. ఈ ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. స్నాచ్‌లో బార్‌ను నేల మీది నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి పైకి. ఒక్కో దాంట్లో మూడు ఛాన్సులు. రెండింటిలో ఎత్తిన అత్యధిక బరువులు కలిపితే మొత్తం. మల్లీశ్వరి స్నాచ్‌లో 105, 107.5, 110 కేజీలు వరసగా ఎత్తేసింది. ఒక్కటీ తప్పలేదు. 110 అంటే పాతిక కేజీల బియ్యం బస్తాలు నాలుగు, పైన ఇంకో పది కేజీలు, ఒక్క ఊపులో తల మీదికి. క్లీన్ అండ్ జెర్క్‌లో 125, తర్వాత 130. మొత్తం 240. కాంస్యం ఖాయమైంది.

మిగిలింది ఒక్క లిఫ్ట్. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెట్ మార్కుష్ ఇద్దరిదీ 242.5. మల్లీశ్వరి బార్ మీద పెట్టించింది 137.5 కేజీలు. ఆడవాళ్ల బార్ బరువు 15 కేజీలు, ప్లేట్లు జారకుండా రెండు చివర్లా బిగించే కాలర్లు రెండున్నర చొప్పున అయిదు. మిగతా 117.5 కేజీలు ప్లేట్లే. ఒక్కో వైపు 58.75. ఎర్రవి, పాతిక కేజీలవి రెండేసి, వాటి పక్కన చిన్నవి. అంతకుముందు ఎత్తినదానికంటే ఏడున్నర కేజీలు ఎక్కువ. ఎత్తితే మొత్తం 247.5, బంగారం ఏకపక్షం. ఎత్తలేకపోయింది.

135 అడిగినా 245 అయి బంగారం వచ్చేది కదా అని ఇప్పుడు కాగితం మీద కూడికలు వేసే ఎవరికైనా అనిపిస్తుంది. కనీసం 132.5 ఎత్తినా ముగ్గురూ సమానమై, శరీర బరువు ఎవరిది తక్కువైతే వాళ్లదే పైచేయి అయ్యేది. బంగారానికి మార్కుష్‌ను లిన్ దాటింది అలాగే. ఆ లెక్క తప్పిందని మల్లీశ్వరి తర్వాత బాధపడింది కూడా. కానీ ఆ గదిలో, నిమిషాల్లో, ఎవరికి ఎన్ని లిఫ్టులు మిగిలాయో చూసుకుంటూ తీసుకున్న నిర్ణయాన్ని పాతికేళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని తప్పుపట్టడం నాకు నచ్చదు. సిడ్నీలో భారత్‌కు వచ్చిన పతకం అదొక్కటే.

ఆ తర్వాత ఉత్తరాంధ్రలో బార్ పట్టిన అమ్మాయిలు చాలామందే ఉన్నారు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల్లో పతకం తెచ్చింది. మొదట కాంస్యం, పైనున్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక రజతం.

బాక్సింగ్‌లోనూ ఇదే సీన్. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి 2012 లండన్‌లో గానీ రాలేదు. మేరీ కోమ్ అప్పటికే అయిదుసార్లు ప్రపంచ చాంపియన్, అన్నీ 48 కేజీల లోపు. లండన్‌లో ఆడవాళ్లకు పెట్టింది మూడే విభాగాలు, అన్నిటికంటే చిన్నది 51 కేజీలు. తనకంటే పొడుగు, బరువు ఉన్న వాళ్లతో తలపడి కాంస్యం తెచ్చింది. ఆడపిల్లలు బాక్సింగ్ చేయరా అని వాళ్ల నాన్నను అడిగి గ్లవ్స్ వేసుకున్న నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ చాంపియన్ అయింది. 2024 పారిస్‌లో ఆమె 50 కేజీల్లో దిగింది. ఆ పన్నెండేళ్లలో ఆడవాళ్ల విభాగాలు మూడు నుంచి ఆరయ్యాయి.

ఇక వెయిట్‌లిఫ్టింగ్‌లో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మీరాబాయి చానుకు 49 కేజీల్లో రజతం. ఈ ఆటలో భారత్‌కు ఇప్పటిదాకా ఉన్న ఒలింపిక్ పతకాలు రెండే, రెండూ ఆడవాళ్లవే. మీరాబాయి పారిస్‌లో 199 కేజీలెత్తి నాలుగో స్థానంలో ఆగిపోయింది. కాంస్యానికి కావాల్సింది 200. 2028 లాస్ ఏంజెలెస్ కోసం విభాగాలు మళ్లీ మార్చారు. ఆడవాళ్లకు అన్నిటికంటే తక్కువది ఇప్పుడు 53 కేజీలు. మీరాబాయి అక్కడ ఆడాలంటే ఒళ్లు పెంచాలి.