వరంగల్ పైన అయనావరణం: అపోహలు, వాస్తవాలు

సూర్యకాంతికి గాలి అణువులు కొన్ని ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయి ఉండే పై వాతావరణపు పొరే అయనావరణం (ఐయనోస్ఫియర్). సూర్యుడు నడినెత్తికి వచ్చే భూమధ్యరేఖ మీదే అందులో ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉంటాయన్నది మొదటి అపోహ. వాస్తవానికి, భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత, అంటే తిరునెల్వేలి సమీపంగా సాగే అయస్కాంత భూమధ్యరేఖపై పగటిపూట తూర్పు దిశగా ఉండే విద్యుత్ క్షేత్రం, ఉత్తరానికి చూసే అయస్కాంత క్షేత్రంతో కలిసి ప్లాస్మాను (ఆ ఎలక్ట్రాన్లు, అయాన్ల మిశ్రమాన్ని) పైకి లేపుతుంది. అది క్షేత్రరేఖల వెంట ఇరువైపులా జారి, మన దేశంలో అహ్మదాబాద్, భోపాల్ వరుసలో పోగుపడుతుంది. 18 డిగ్రీల అక్షాంశంలోని వరంగల్ ఆ గుట్టకు దక్షిణపు వాలులో ఉంటుంది. అందువల్ల అయనావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా ఆ గుట్టను రెండు డిగ్రీలు అటో ఇటో జరిపినా మన దగ్గర ఎలక్ట్రాన్ల లెక్క బాగా తప్పుతుంది. జీపీఎస్ సంకేతాలు ఈ ఎలక్ట్రాన్ల గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతాయి. హన్మకొండ పొలాల్లో, రెండు రిసీవర్లను పోల్చి తప్పును తగ్గించే డీజీపీఎస్‌తో కొలిచే సర్వేయర్లు, బేస్ (ఒకచోట స్థిరంగా ఉంచిన రిసీవర్) దూరంగా ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండు దాటాక రోవర్ (వెంట తిప్పే రిసీవర్) ‘ఫిక్స్’ కాక, అంటే కచ్చితమైన స్థానం తేలక, ‘ఫ్లోట్’ అనే ఉజ్జాయింపులోనే ఉండిపోతే యంత్రాన్నే తప్పుపడతారు. ఈ వాలు కూడా కారణం కావచ్చునని వారికి చెప్పేవారు ఉండాలి.

పై వాతావరణాన్ని నడిపేది సూర్యుడొక్కడే, కింది వానలకు అక్కడ పనిలేదన్న మాట చదువుకున్నవారి నోటా వింటాను. 2009 జనవరిలో సూర్యుడిపై మచ్చలు దాదాపు లేని రోజుల్లోనే ఉత్తర ధ్రువ ప్రాంతపు స్ట్రాటోస్ఫియర్ (మబ్బుల పొరకు పైనుండే పొర) హఠాత్తుగా వేడెక్కింది. ఆ తర్వాత పెరూలో అయనావరణాన్ని పరిశీలించే హికమార్కా రాడార్‌కు ప్లాస్మా ఉదయం మామూలుకన్నా జోరుగా పైకీ, మధ్యాహ్నం కిందికీ కదులుతూ కనిపించింది. ఉష్ణమండలపు వానమబ్బుల వేడికి పుట్టే వాతావరణ ఆటుపోట్లు కూడా వంద కిలోమీటర్ల ఎత్తుకు చేరి అక్కడి డైనమోను (గాలులు ప్లాస్మాను కదిలించి విద్యుత్ క్షేత్రాన్ని పుట్టించే తీరును) మారుస్తాయి. అందుకే దాదాపు 97 కిలోమీటర్ల దగ్గర మొదలై, కింది అలలను బయటినుంచి తీసుకునే టీఐఈ-జీసీఎం అనే కంప్యూటర్ నమూనా కన్నా, నేల నుంచే లెక్కించే వాకమ్-ఎక్స్ వంటి నమూనాలే మన అక్షాంశాలకు తగినవని నా అభిప్రాయం.

కంప్యూటర్ పెద్దదైతే ప్లాస్మా బుడగలను, అంటే అయనావరణంలో ప్లాస్మా పలుచబడిన ప్రాంతాలను, ముందే చెప్పవచ్చన్నది మరో అపోహ. సూర్యాస్తమయం వేళ అయస్కాంత భూమధ్యరేఖపై తూర్పు దిశగా ఉండే ఆ విద్యుత్ క్షేత్రం కాసేపు బలపడి పొరను ఇంకా పైకి ఎత్తుతుంది. బరువైన పొర కింద పలుచని ప్లాస్మా నిలవలేక బుడగలుగా పైకి దూసుకుపోతుంది, జీపీఎస్ సంకేతం మినుకుమంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇవి ఎక్కువ. అయితే ఒక సాయంత్రం వచ్చినవి మర్నాడు ఎందుకు రావో తేల్చే చిన్న అలలను, ఆ గంటలోని గాలులను కొలిచే పరికరాలు చాలినన్ని లేవు. పైగా అయస్కాంత భూమధ్యరేఖపై బుడగ సుమారు 500 కిలోమీటర్ల ఎత్తుకు లేస్తేనే, క్షేత్రరేఖ వెంట సాగి, వరంగల్ మీద 300 కిలోమీటర్ల ఎత్తున దాని అంచు తగులుతుంది. కాబట్టి మనకు కావలసిన సూచన బుడగ పుడుతుందా లేదా అన్నది కాదు, ఎంత ఎత్తుకు పెరుగుతుందన్నది. దాన్ని అవును, కాదు అని కాక, సంభావ్యతగానే ఇవ్వాలి.