ఫ్లింట్ కుళాయిల్లో సీసం: కథ 2014లో మొదలు కాలేదు

2014లో కుళాయి నీళ్లలోకి విషంలాంటి సీసం రావడం మొదలైన అమెరికా నగరం ఫ్లింట్ కష్టం మీద 2017లో ఆ ఊరి పేరుతోనే ఒక టీవీ సినిమా వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లు, సీసాల్లో పట్టుకొచ్చిన మురికి నీళ్లు, ముఖం చాటేసే అధికారులు. సినిమా కాబట్టి కుళాయిలో రంగు నీళ్లు కనబడిన దగ్గర కథ ఎత్తుకుంటే సరిపోతుంది. కానీ ఆ నీళ్లు అలా ఎందుకు మారాయో, ఊరంతా మొత్తుకున్నా ఏడాదిన్నర దాకా ఎవరికీ ఎందుకు పట్టలేదో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఫ్లింట్ మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కి వాయవ్యంగా వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒకప్పుడు గుర్రపు బగ్గీలకు పేరుపడ్డ ఊరు. 1908లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) పుట్టింది ఇక్కడే. 1936 చివర్లో కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించి 44 రోజులు కదలకుండా కూర్చుని యూనియన్‌కి గుర్తింపు సాధించుకున్నదీ ఇక్కడే. 1960 నాటికి జనాభా దాదాపు 1,97,000. 1970ల చివర ఒక్క జీఎంలోనే ఈ ఊళ్లో 80,000 ఉద్యోగాలు ఉండేవి. తర్వాత ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2014 వచ్చేసరికి ఊళ్లో లక్ష మంది కూడా లేరు, వాళ్లలో సగానికి పైగా నల్లజాతి వాళ్లు, పదిమందిలో నలుగురు దారిద్య్రరేఖకు దిగువన. రెండు లక్షల మందికి, పెద్దపెద్ద ఫ్యాక్టరీలకు సరిపడా వేసిన పైపుల్లో సగం మంది వాడకం మాత్రమే మిగిలింది. నీళ్లు పైపుల్లోనే రోజుల తరబడి నిలవ ఉండిపోతాయి, క్లోరిన్ చచ్చిపోతుంది. నిర్వహణ ఖర్చు మాత్రం సగం కాదు కదా. ఆ బరువంతా మిగిలినవాళ్ల బిల్లుల మీద పడింది.

ఆ పైపుల సంగతి ఇంకా పాతది. వీధి మెయిన్ నుంచి ఇంటికి వచ్చే కనెక్షన్ సీసం గొట్టంతోనే ఉండాలని 1897లో ఫ్లింట్ నగరం ఆర్డినెన్స్ చేసింది. అప్పట్లో సీసం అంటే ఖరీదైన, మన్నికైన సరుకు. ఎలా కావాలంటే అలా వంగుతుంది, నేల కదిలినా పగలదు. అమెరికాలో చాలా నగరాలు అదే పని చేశాయి. కొత్తగా సీసం పైపులు వేయకూడదని దేశం మొత్తానికి నిషేధం వచ్చింది 1986లో. భూమిలో ఉన్నవి మాత్రం భూమిలోనే ఉండిపోయాయి.

1967 దాకా ఈ ఊరు తాగింది ఫ్లింట్ నది నీళ్లే. ఫ్యాక్టరీల వ్యర్థాలు, మురుగు కలిసి నది పాడైంది. హ్యూరాన్ సరస్సు నుంచి సొంతంగా పైపులైన్ వేసుకోవాలని 1960ల్లో ఒక ప్రయత్నం జరిగింది. భూముల కొనుగోలులో కుంభకోణం బయటపడడంతో అది అటకెక్కింది. ఇక డెట్రాయిట్‌తో ఒప్పందం చేసుకుని, వాళ్లు హ్యూరాన్ నీళ్లు శుద్ధి చేసి పంపిస్తే కొనుక్కోవడం మొదలుపెట్టారు. పాత శుద్ధి ప్లాంటును అవసరానికి పనికొస్తుందని అట్టే పెట్టారు.

డెట్రాయిట్ నీళ్లలో ఆర్థోఫాస్ఫేట్ అనే మందు కలిపేవారు. గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది చూడండి, ఆ మందు వల్ల సీసం గొట్టాల లోపల అలాంటి పొరే కడుతుంది. నీళ్లు పొరను తాకుతాయి తప్ప సీసాన్ని తాకవు. ఫ్లింట్ కుటుంబాలు సీసం గొట్టాల నీళ్లే తాగుతూ ఏళ్లు గడపగలిగాయంటే పెద్ద అండ ఈ పొరే. దాన్ని కాపాడే మందు ఖర్చు రోజుకు వంద డాలర్లకు అటూ ఇటూ అని తర్వాత తేలింది.

ఇక అధికారం సంగతి. సినిమాలు దీన్ని రెండు డైలాగుల్లో దాటేస్తాయి, నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. 2011లో మిషిగన్ గవర్నర్ రిక్ స్నైడర్ ప్రభుత్వం, దివాలా అంచున ఉన్న నగరాలకు ఎమర్జెన్సీ మేనేజర్లను వేసే పాత చట్టానికి కొత్త కోరలు పెట్టింది. ఎన్నికలు జరగని మున్సిపాలిటీల్లో స్పెషల్ ఆఫీసర్ల పాలన మనకు తెలిసిందే. ఇది ఇంకో రకం. మేయరు ఉంటాడు, కౌన్సిల్ ఉంటుంది, పెత్తనం మాత్రం రాష్ట్రం పంపిన మనిషిది. అదే ఏడాది చివర్లో ఫ్లింట్‌కి మేనేజర్ వచ్చాడు. 2012 నవంబరులో రాష్ట్ర ఓటర్లు రెఫరెండంలో ఆ చట్టాన్ని కొట్టేశారు. ఆ ఏడాది తిరక్కుండానే అలాంటిదే ఇంకో చట్టం తెచ్చారు. ఈసారి అందులో కొంత నిధుల కేటాయింపు కూడా కలిపారు. మిషిగన్‌లో నిధులు కేటాయించే చట్టాన్ని రెఫరెండానికి పెట్టడం కుదరదు.

డెట్రాయిట్ రేట్లు ఏటేటా పెరుగుతుండడంతో, చుట్టుపక్కల కౌంటీలు కలిసి కరెగ్నాండి వాటర్ అథారిటీ పేరుతో సొంత పైపులైన్ తలపెట్టాయి. 2013 మార్చిలో ఫ్లింట్ కౌన్సిల్ 7-1 ఓట్లతో అందులో చేరడానికి ఒప్పుకుంది. వెంటనే డెట్రాయిట్ ఏడాది గడువిచ్చి ఒప్పందం రద్దు నోటీసు పంపింది. కొత్త లైన్ పూర్తి కావడానికి ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా డెట్రాయిట్‌తో బేరమాడి నీళ్లు కొనుక్కోవచ్చు, లేదా పాత ప్లాంటు నడిపి నది నీళ్లు వాడుకోవచ్చు. డబ్బు మిగులుతుందని మేనేజర్లు నదికే మొగ్గారు. 'మీ కౌన్సిలే కదా ఓటేసింది' అని తర్వాత చాలామంది తప్పించుకోజూశారు. కౌన్సిల్ ఓటేసింది కొత్త పైపులైన్‌కి, నది నీళ్లకు కాదు.

2014 ఏప్రిల్ 25న మేయర్ డేన్ వాలింగ్ ప్లాంటులో బటన్ నొక్కి డెట్రాయిట్ నీళ్లు ఆపారు. అక్కడున్నవాళ్లంతా నది నీళ్ల గ్లాసులెత్తి ఫొటోలు దిగారు. ఆ నీళ్లలో డెట్రాయిట్ నీళ్లకు ఎనిమిది రెట్లు క్లోరైడ్ ఉందని, అది లోహాన్ని తినేస్తుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. అలాంటి నీళ్లకు ఆర్థోఫాస్ఫేట్ ఇంకా ముఖ్యం. ముందు ఆరేసి నెలలు రెండు విడతలు పరీక్షిద్దాం, అవసరమైతే అప్పుడు చూద్దాం అని రాష్ట్ర పర్యావరణ శాఖ చెప్పింది. మందు కలపలేదు. లోపలి పొర కరగడం మొదలైంది.

వేసవిలోనే వాసన, రంగు, ఒంటి మీద దద్దుర్లు. ఆగస్టు, సెప్టెంబరుల్లో బ్యాక్టీరియా కనబడి, నీళ్లు కాచుకుని తాగమన్నారు. క్లోరిన్ పెంచారు. దాంతో క్యాన్సర్ ముప్పు ఉన్న ట్రైహాలోమీథేన్లనే రసాయనాలు పరిమితి దాటాయి. అక్టోబరులో జీఎం ఇంజిన్ ప్లాంటు ఈ నీళ్లు మాకొద్దు అంది. విడిభాగాలు తుప్పు పడుతున్నాయట. పక్క టౌన్‌షిప్ నుంచి సరస్సు నీళ్లు తెచ్చుకోవడానికి దానికి అనుమతి దొరికింది. ఇంజిన్ తట్టుకోలేని నీళ్లు పిల్లల ఒంటికి ఎలా పడతాయని అప్పుడే ఎవరికైనా తట్టాల్సింది. 2015 జనవరిలో ఫ్లింట్‌లోని రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో సిబ్బంది కోసం మంచినీళ్ల కూలర్లు పెట్టారు. జనానికి మాత్రం నీళ్లు బాగానే ఉన్నాయని చెబుతూనే ఉన్నారు. అదే నెల డెట్రాయిట్ మళ్లీ నీళ్లిస్తామని, రీకనెక్షన్ ఫీజు కూడా వద్దని అంది. మేనేజర్ కాదన్నాడు. మార్చిలో కౌన్సిల్ 7-1తో డెట్రాయిట్‌కే పోదామని తీర్మానించింది. దాన్నీ మేనేజర్ ఒప్పుకోలేదు. ఆ ఓటుకు కాగితం మీద తప్ప విలువ లేదు.

లీఆన్ వాల్టర్స్ నలుగురు పిల్లల తల్లి. స్నానం చేయిస్తే కవలలకు దద్దుర్లు వచ్చేవి. ఆమె పోరగా పోరగా 2015 ఫిబ్రవరిలో వాళ్లింట్లో పరీక్ష చేస్తే సీసం 104 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 104 పాళ్లు. మార్చిలో 397. చర్య తీసుకోవాల్సిన గీత 15. అసలు పిల్లల విషయంలో ఇంతవరకు పర్వాలేదు అన్న మోతాదే లేదు. తప్పు మీ ఇంటి ప్లంబింగ్‌దేనేమో అన్నారు అధికారులు. ఆమె ఇంట్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్ పైపులు. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏలో పనిచేసే మిగెల్ డెల్ టోరల్ వచ్చి చూసి, ఫ్లింట్‌లో తుప్పు నివారణ మందే కలపడం లేదని జూన్‌లో మెమో రాశారు. వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ అదే ఇంటి నీళ్లు పరీక్షిస్తే ఒక శాంపిల్‌లో 13,200 వచ్చింది. 5,000 దాటితే ప్రమాదకర వ్యర్థం కింద లెక్క.

అధికారులు శాంపిల్ ఎలా తీయమన్నారో చూస్తే విషయం అర్థమవుతుంది. ముందు రోజు రాత్రి కుళాయిని కొన్ని నిమిషాలు వదిలేసి, పొద్దున సీసా పట్టమన్నారు. గొట్టంలో చేరిన సీసం రాత్రే కొట్టుకుపోతుంది. ఇంత చేసినా ఊళ్లో తీసిన 71 శాంపిళ్ల లెక్క ఆ 15 గీత దాటేలా ఉంది. రెండు శాంపిళ్లు తీసేస్తే దిగువకు వచ్చింది. ఆ రెండింట్లో ఒకటి వాల్టర్స్ ఇంటిది, ఫిల్టర్ ఉందన్న కారణం చెప్పి తీసేశారు. జులైలో పర్యావరణ శాఖ ప్రతినిధి రేడియోలో, సీసం గురించి కంగారుపడేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని చెప్పారు.

సెప్టెంబరు 24న హర్లీ మెడికల్ సెంటర్ పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా ఆసుపత్రి రికార్డులు ముందు పెట్టారు. నీళ్లు మారాక, రక్తంలో సీసం ఎక్కువున్న అయిదేళ్లలోపు పిల్లల శాతం ఊరు మొత్తం మీద రెట్టింపయింది. ప్రచురించిన లెక్కలో 2.4 నుంచి 4.9 శాతానికి. మొదట ఆమె లెక్కనే తప్పుపట్టిన రాష్ట్రం వారం తిరిగేసరికి ఒప్పుకుంది. అక్టోబరు 16న మళ్లీ డెట్రాయిట్ నీళ్లు. కానీ ఊడిన పొర ఒక్క రోజులో తిరిగి కట్టదు. 2016 జనవరిలో ఇంకో సంగతి బయటపెట్టారు. 2014-15లో ఆ ప్రాంతంలో 90 మంది దాకా, నీళ్లలో పెరిగే బ్యాక్టీరియాతో వచ్చే లెజియనీర్స్ అనే న్యుమోనియా జబ్బున పడ్డారు, 12 మంది చనిపోయారు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ జనానికి చెప్పలేదు.

కేసుల సంగతి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. మొదటి విడతలో 15 మందిపై పెట్టారు, కొందరు చిన్న నేరాలు ఒప్పుకుని బయటపడ్డారు, మిగతావి 2019లో ఎత్తేశారు. 2021లో మాజీ గవర్నర్ సహా తొమ్మిది మందిపై మళ్లీ పెట్టారు. అభియోగాలు మోపిన పద్ధతే చెల్లదని 2022లో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చింది. 2023తో అవీ ముగిశాయి. ఎవరూ జైలుకు వెళ్లలేదు. పరిహారంగా 62.6 కోట్ల డాలర్లకు 2021లో కోర్టు ఆమోదం తెలిపింది, అందులో ఎక్కువ భాగం పిల్లలకు.

పైపుల పని ఇంకా సాగింది. ఏ ఇంటికి ఏ గొట్టం ఉందో నగరం దగ్గర ఉన్న ఆధారం దాదాపు 45,000 పాత కార్డులు, కొన్నింటి మీద పెన్సిల్ రాతలు. తవ్వి చూస్తే కార్డు ఒకటి చెబుతోంది, నేలలో ఇంకొకటి ఉంది. దాదాపు 11,000 సీసం పైపులు మార్చి పని పూర్తయిందని రాష్ట్రం కోర్టుకు చెప్పింది 2025 జులైలో. ఇంత గొడవకు కారణమైన కొత్త పైపులైన్ నీళ్లు ఫ్లింట్ తాగడం లేదు. డెట్రాయిట్ వ్యవస్థ స్థానంలో వచ్చిన గ్రేట్ లేక్స్ సంస్థతోనే 2017లో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. డెట్రాయిట్ శివార్లలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌కి మొదటి నుంచీ వచ్చేది ఆ నీళ్లే.

అమెరికాలోని సీసం పైపులన్నీ పదేళ్లలో తీసేయాలని 2024 అక్టోబరులో ఈపీఏ నిబంధన తెచ్చింది. ప్రతి నీటి సంస్థా ఏ చిరునామాకు ఏ గొట్టం ఉందో జాబితా తయారుచేయాల్సి వచ్చింది. అక్కడ పాత ఇల్లు కొన్నవాళ్లు, ముఖ్యంగా 1986కి ముందు కట్టినదైతే, జాబితాలో తమ చిరునామా వెతుక్కోవచ్చు. బేస్‌మెంట్‌లో మీటరు దగ్గరికి వచ్చే గొట్టాన్ని తాళంచెవితో గీకి కూడా చూడొచ్చు. గీసినచోట వెండిలా మెరిసి, మెత్తగా ఉండి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసమే కావచ్చు. అప్పుడు నీటి సంస్థకు ఫోన్ చేయాలి.