బాయిలో రాయి, బుర్రలో ప్రయోగం

దేవరకొండ దిక్కు మా మేనమామ బాయి ఎండిపోయి ఏళ్లయింది. సెలవులకు పోయినప్పుడు గడ్డ మీద బోర్లా పడుకుని అందులో రాళ్లు వేసేవాళ్లం. పిడికెడంత రాయి, గోలీ అంత రాయి ఒకేసారి వదిలితే చప్పుడు ఒక్కటే వినపడేది. పెద్దదే ముందు పడాలని నా పట్టు. చెవులు మాత్రం ఒప్పుకోలేదు.

అసలు వేసి చూడకుండానే ఆ సంగతి తెలుస్తుందా? తత్త్వశాస్త్రంలో ఇది పాత పంచాయితీ.

బరువైనది వేగంగా పడుతుందన్నది అరిస్టాటిల్ మాట. 1638లో అచ్చైన పుస్తకంలో గెలీలియో దాన్ని మాటలతోనే విరగ్గొట్టాడు. రెండు రాళ్లనూ కలిపి కట్టండి, అన్నాడు. నెమ్మదిగా పడే చిన్నరాయి పెద్దదాన్ని ఆపుతుంది కాబట్టి జోడీ వేగం తగ్గాలి. కానీ జోడీ బరువు పెద్దరాయి కంటే ఎక్కువ, కాబట్టి వేగం పెరగాలి. రెండూ ఎట్లా కుదురుతాయి?

ఇలాంటివాటిని ఆలోచనా ప్రయోగాలంటారు. మనకు తెలియకుండానే ఒంట్లో పేరుకున్న అనుభవమే వీటికి బలమని 19వ శతాబ్దం చివర ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ చెప్పాడు. వందేళ్ల తర్వాత గొడవ మళ్లీ రాజుకుంది. కొన్ని ప్రయోగాలు ప్రకృతి నియమాన్ని నేరుగా మనసుకే చూపిస్తాయని కెనడాలో తత్త్వవేత్త జేమ్స్ రాబర్ట్ బ్రౌన్ అంటే, కథా బొమ్మా తీసేస్తే మిగిలేది మామూలు వాదనే అని అమెరికాలో జాన్ నార్టన్ అన్నాడు. నా ఓటు నార్టన్‌కే.

మనవాళ్లు దీన్ని ముందే తవ్విపోశారు. నల్లగొండ నుంచి సాగర్ బస్సెక్కితే నాకు బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడే గుర్తొస్తాడు. ఆయన ఉన్నాడని సంప్రదాయం చెప్పే కొండ ఇప్పుడు రిజర్వాయర్ నీళ్ల మధ్య లంక. నడిచేసిన దారిలో నడక లేదు, ఇంకా నడవని దారిలోనూ లేదు, ఈ రెండూ కాని మూడో దారి ఏది, అని ఆయన అడిగాడు. హాలియా దాటేదాకా జవాబు వెతుకుతుంటాను. బస్సు మాత్రం టైముకు సాగర్ చేరుతుంది. నడక లేదని చెప్పడం ఆయన ఉద్దేశం కాదని పండితుల్లో చాలామంది అంటారు. మన నమ్మకం తనలో తానే ఎట్లా చిక్కుపడుతుందో చూపడమే ఆయన పని.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, ఇంకా ఖచ్చితం. ‘నిప్పే లేకపోతే పొగా ఉండేది కాదు’ లాంటి ఊహను తర్కం అన్నారు. అది ప్రమాణాలకు, అంటే నిజమైన జ్ఞానాన్నిచ్చే సాధనాలకు, సాయం చేస్తుందే తప్ప తానే ప్రమాణం కాదు. న్యాయానికి తొలిపాఠం లాంటి తర్కసంగ్రహంలో అన్నంభట్టు దాన్ని సంశయం, భ్రమల సరసన కూర్చోబెట్టాడు! అది కాస్త అన్యాయమే అనిపిస్తుంది నాకు.

అన్యాయమైనా, గెలీలియో కట్టిన ముడి దగ్గరికి వస్తే పట్టు నైయాయికులదే. బరువును బట్టి వేగం మారదని ఆ ముడి చెబుతుంది, సరే. పదార్థాన్ని బట్టి మారితే? ఇనుము ఒకలా, చెక్క ఒకలా పడితే? దాన్ని కట్టి చూపే దారం లేదు. అందుకే హంగేరీలో భౌతిక శాస్త్రవేత్త ఈట్వష్ ఏళ్ల తరబడి సన్నని తీగకు బరువులు వేలాడదీసి కొలిచాడు. 2016లో ఫ్రాన్స్ పంపిన మైక్రోస్కోప్ అనే ఉపగ్రహంలో టైటేనియం, ప్లాటినం మిశ్రలోహాల దిమ్మెలు రెండేళ్లకు పైగా భూమి చుట్టూ పడుతూనే ఉన్నాయి. పదిహేనో దశాంశ స్థానం దగ్గరదాకా చూసినా తేడా దొరకలేదు.